మొక్కల పొరలు చూపే ఇరవై ఐదు స్లైడ్ల పెట్టె: అనంతపురంలో ఏడాది వాడిన తరువాత

అనంతపురంలో ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధించే నాకు కణజాలాల పాఠం వచ్చిన ప్రతిసారీ ఒకే కొరత కనిపిస్తూ వచ్చింది. ద్విదళబీజ కాండంలో బయటి నుంచి లోపలికి బాహ్యచర్మం, వల్కలం, అంతశ్చర్మం, పరిచక్రం, నాళికాపుంజాలు, దవ్వ అని పిల్లలు తడుముకోకుండా అప్పగిస్తారు, బొమ్మ కూడా చక్కగా గీస్తారు. అయితే ఆ పొరలు అంత క్రమంగా ఎలా అమరాయి, ఏ కణం ఏ పొరలో చేరాలో ఎక్కడ నిర్ణయమవుతుంది అన్న ప్రశ్న వారికి తోచదు. తోచేందుకు మేము వారికి చూపించింది ఏమీ లేదు. చేతితో బ్లేడు పట్టి కోసిన ముక్కల్లో పూర్తిగా ఎదిగిన కాండం, వేరు కనిపిస్తాయి తప్ప, పొరలు పుట్టే చోటైన కొనభాగం ఆ పద్ధతికి లొంగదు. అందుకే నిరుడు జూన్‌లో, కళాశాల తెరిచిన వారంలోనే, సొంత డబ్బుతో శాశ్వత స్లైడ్ల పెట్టె ఒకటి కొన్నాను. ఏడాది పాటు రెండు సెక్షన్లకు వాడిన తరువాత దాని గురించి ఇది రాస్తున్నాను.

గడియార స్తంభానికి దగ్గరలో పాఠశాలలకు గాజు సామాను, రసాయనాలు, మైక్రోస్కోపులు అమ్మే దుకాణాలు ఉన్నాయి. అలాంటి ఒక దుకాణంలో ఈ పెట్టె దొరికింది. సరుకు అంబాలా నుంచి వస్తుందని యజమాని చెప్పారు. మన దేశంలో ప్రయోగశాల పరికరాలు ఎక్కువగా తయారయ్యే ఊరు అదే కనుక అందులో విశేషం లేదు. ఇరవై ఐదు గాడులున్న చెక్కపెట్టె, మూత లోపలి వైపు అతికించిన జాబితా, ప్రతి స్లైడు ఎడమ చివర చిన్న కాగితపు చీటీ, ఇంతే. నేను ఇచ్చిన ధర 2,150 రూపాయలు. అంటే ఒక్కో స్లైడు 86 రూపాయలు పడింది. విడిగా కొంటే కొన స్లైడ్లకు ఎక్కువ, కాండం అడ్డుకోతలకు తక్కువ అడుగుతారు కాబట్టి, కొనల కోసం కొనేవారికి పెట్టెగా తీసుకోవడమే లాభం.

ముందుగా పనితనం. ముక్కలను మైనంలో పొదిగి, పలుచగా కోసే యంత్రమైన మైక్రోటోమ్ మీద కోసినవి కావడం వల్ల మందం సమంగా ఉంది. 40 రెట్ల వస్తుకటకం కింద పెట్టినప్పుడు కూడా ఒకే వరస కణాలు కనిపిస్తాయి, కింది కణాల నీడలు పైవాటి మీద పడి చూపును చెదరగొట్టవు. అద్దకం సఫ్రానిన్, ఫాస్ట్ గ్రీన్ జోడీ. లిగ్నిన్ పట్టి గట్టిపడిన దారువు (నీటిని మోసే కణజాలం) గోడలు ఎర్రగా, పలుచని గోడలు ఆకుపచ్చగా వచ్చాయి. రెండు మూడు స్లైడ్లలో ఎరుపు కాస్త ఎక్కువ పడి వల్కలం కూడా గులాబీ రంగుకు తిరిగింది కానీ, చదువుకు అడ్డు వచ్చేంత దోషం కాదు. కవర్ స్లిప్పుల అంచులు శుభ్రంగా ఉన్నాయి. జిగురు బయటికి కారినవి లేవు.

ఈ పెట్టెకు ప్రాణం నాలుగో స్లైడు, రంగుల ఆకుల కోసం పెంచే కోలియస్ అనే మొక్క కాండపు కొన నిలువుకోత. నా మొదటి ఫిర్యాదు కూడా దాని మీదే. ఇంటికి తెచ్చిన రోజు రాత్రే దాన్ని పెట్టి చూశాను. కొన గుమ్మటం ఉంది, రెండు పక్కలా లేత ఆకులు ఉన్నాయి, చూపుకు అందంగానే ఉంది. కానీ పైపొరలు లెక్కపెడితే నాలుగైదు వరసలు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు వస్తున్నాయి, వాటి కింద ఉండవలసిన గజిబిజి భాగం ఎక్కడా లేదు. కోలియస్ కొనలో నేను ఎదురుచూసింది రెండే వరసలు. తప్పు మొక్కది కాదు, కోతది. గుమ్మటం నడిమధ్య నుంచి పోవలసిన కత్తి ఒక పక్కకు జరిగి కోసింది.

దీన్ని మరుసటి రోజు తరగతిలో ఎర్రగడ్డతో చూపించాను. కర్నూలు వైపు నుంచి వచ్చిన పెద్ద ఎర్రగడ్డను నడిమికి సరిగ్గా కోస్తే పొరలు సన్నగా, ఎన్ని ఉన్నాయో అన్నే కనిపిస్తాయి. అదే గడ్డను పక్క నుంచి చెక్కు తీసినట్టు కోస్తే, బయటి రెండు పొరలే అరచేయంత వెడల్పున పరుచుకుని, లోపల ఇంకేమీ లేనట్టు అనిపిస్తుంది. పక్కకు జరిగిన కొన స్లైడు చేసే మోసం ఇదే. తెలియని విద్యార్థి దాన్ని చూసి మొక్క కొన మొత్తం పొరలు పొరలుగానే ఉంటుందని రాసుకుంటాడు, ఆ తప్పు చాలాకాలం అతనితో ఉండిపోతుంది. అందువల్ల ఈ ఒక్క స్లైడు సరిగా లేకపోతే పెట్టె మొత్తం సగం విలువ కోల్పోయినట్టే అని నేను అనుకుంటాను.

దుకాణానికి తీసుకువెళ్లి విషయం చెబితే యజమాని వాదించలేదు. "సార్, ఇందులో తేడా మాకు తెలియదు, మీరే చూసి మంచిది ఏరుకోండి" అని తన దగ్గరున్న మరో మూడు పెట్టెలు తెరిచి, బల్ల మీద మైక్రోస్కోపు పెట్టించి ఇచ్చారు. మూడింటిలో ఒకటి మాత్రమే నడిమధ్య కోత. దాన్ని తీసుకుని నాది ఇచ్చివచ్చాను. అడిగినందుకు ముఖం చిట్లించకుండా అంతసేపు కూర్చోబెట్టిన ఆ మర్యాదను మనస్ఫూర్తిగా చెప్పుకోవాలి. అయితే తయారీదారు పంపిన నాలుగు పెట్టెల్లో మూడింట అదే లోపం ఉండటం చిన్న విషయం కాదు, ఆ మూడూ ఏదో ఒక పాఠశాలకు చేరే ఉంటాయి.

ఇప్పుడు ఆ మంచి స్లైడు ఏమి చూపిస్తుందో చెప్పాలి. గుమ్మటం అడ్డం పావు మిల్లీమీటరు కూడా ఉండదు. 10 రెట్ల వస్తుకటకంతో దాన్ని నడిమికి తెచ్చి, 40 రెట్లకు మార్చి, పైఅంచును నిదానంగా పరిశీలిస్తే, అంచు వెంబడి ఇటుకలు పేర్చినట్టు ఒకే వరస కణాలు గుమ్మటం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగకుండా సాగుతాయి. దాని కింద అలాంటిదే మరో వరస. ఈ రెండు వరసల్లో కొత్తగా ఏర్పడిన గోడలన్నీ ఉపరితలానికి నిలువుగా నిలబడి ఉంటాయి, అంటే కణం చీలినప్పుడు పిల్లకణాలు పక్కపక్కనే కూర్చుంటాయి, పైనా కిందా కాదు. పుస్తకాలు యాంటిక్లినల్ విభజన అనే మాటకు అర్థం ఇంతకంటే లేదు. కాబట్టి వరస పొడవు పెరుగుతుంది, మందం పెరగదు. మూడో వరస నుంచి కిందికి ఆ క్రమం చెదిరిపోతుంది. అక్కడి కణాలు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా, తోచిన తీరున చీలినట్టు కనిపిస్తాయి. 1924లో ష్మిట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పై వరసలకు ట్యూనికా అనీ, లోపలి ముద్దకు కార్పస్ అనీ పేర్లు పెట్టినది ఈ తేడా చూసే. ఇప్పటివారు పై నుంచి కిందికి ఎల్1, ఎల్2, ఎల్3 అని లెక్కిస్తారు.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే విషయం ఒకటుంది. జంతు పిండంలో కణాలు కదులుతాయి, పొర మడతపడుతుంది, ఒక చోట పుట్టిన కణం మరో చోటికి పాకుతుంది. మొక్క కణానికి ఆ వీలు లేదు. చుట్టూ గోడ ఉంది, ఆ గోడను పక్కింటివారితో పంచుకుంది. పుట్టిన చోటే పెరగాలి. అందువల్ల మొక్కలో పొర అంటే, ఏ కణం ఎటువైపు గోడ కట్టుకుంది అన్న చరిత్రే. కణం చీలబోయే ముందు, కొత్త గోడ ఎక్కడ అతుక్కోవాలో ఆ గీత వెంబడి సూక్ష్మనాళికలు, అంటే కణం లోపలి సన్నని ప్రోటీను గొట్టాలు, పట్టీలాగా చుట్టుకుంటాయని 1966లో పికెట్-హీప్స్, నార్త్‌కోట్ అనే శాస్త్రవేత్తలు గోధుమ కణాల్లో గమనించారు. సఫ్రానిన్ అద్దిన స్లైడులో ఆ పట్టీ కనపడదు, వారు దాన్ని చూసింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో. కానీ ఆ పట్టీ ఫలితమైన గోడ మాత్రం ఈ 86 రూపాయల స్లైడులో కళ్లెదుట ఉంటుంది.

మూడు వరసల సంతానం ఎటు పోతుందో కూడా ఇదే స్లైడు మీద వేలు పెట్టి చూపవచ్చు. గుమ్మటం పక్కన మొలిచిన చిన్న ఆకుబుడిపె మీదికి ఎల్1 వరస విరగకుండా ఎక్కి, దాని మీదుగా దిగి, మళ్లీ కాండం మీదికి వస్తుంది; అదే రేపటి బాహ్యచర్మం. బుడిపె పైకి ఉబికిన చోట రెండో వరసలో మాత్రం ఉపరితలానికి సమాంతరంగా ఒకటి రెండు గోడలు కనిపిస్తాయి. కొన మధ్యలో ఎన్నడూ కనపడని ఆ పెరిక్లినల్ విభజన ఆకు పుట్టే చోట మొదలవుతుంది. మా విద్యార్థిని ఒకామె ఆ రెండు గోడలనూ తానే కనిపెట్టి, "సార్, ఇక్కడ వరస రెండయింది" అని పిలిచింది. పుస్తకంలోని ఏ వాక్యమూ ఆ పిల్లకు ఆ మాట అందించలేదు. ఇంకాస్త కింద, ఆకు కుదురు నుంచి దిగే సన్నని పొడుగు కణాల కట్టలు ముదురు రంగులో కనిపిస్తాయి, అవి రాబోయే నాళికాపుంజాలు.

ఇదంతా కంటితో ఊహించి చెప్పినదా, నిజంగా నిరూపించినదా అని తెలివైన పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. దానికి జవాబు మన దారుల పక్కన పెరిగే ఉమ్మెత్త జాతిలోనే ఉంది. 1940లో సటీనా, బ్లేక్స్‌లీ, ఎవరీ అనే ముగ్గురు అమెరికాలో ఉమ్మెత్త గింజలను కోల్చిసిన్ మందులో ఉంచారు. ఆ మందు కణవిభజనను మధ్యలో ఆపి క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేస్తుంది. కొన్ని మొలకల్లో ఆ రెట్టింపు ఒక వరసకే జరిగింది, మిగతా వరసలు మామూలుగా ఉండిపోయాయి. క్రోమోజోములు రెట్టింపైన కణానికి కేంద్రకం పెద్దది కాబట్టి, పెద్ద కేంద్రకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ పోతే ఆ వరస సంతానం ఎక్కడెక్కడికి చేరిందో తెలిసిపోతుంది. అలా వెతికి, కొనలో మూడు స్వతంత్రమైన వరసలు ఉన్నాయనీ, పైవరస బాహ్యచర్మాన్ని ఇస్తుందనీ, ఆకులోనూ పువ్వులోనూ మూడింటి వాటా ఉంటుందనీ వారు చూపించారు. అనంతపురం పిల్లలకు ఉమ్మెత్త ముళ్లకాయ కొత్త కాదు. అది విషమొక్క కనుక తరగతికి తేను, పేరు చెబితే చాలు వారికి కళ్లకు కడుతుంది.

తరువాత చెప్పుకోదగ్గది మొక్కజొన్న వేరు కొన, తొమ్మిదో స్లైడు. ఇది మొదటి చూపులోనే నడిమధ్య కోత, దోషం వెతికినా దొరకలేదు. వేరు తొడుగుకూ వేరు దేహానికీ మధ్య గీత గీసినట్టు సరిహద్దు కనిపిస్తుంది, ఎందుకంటే మొక్కజొన్నలో తొడుగుకు తన సొంత జనక కణాలు ఉంటాయి. ఆ సరిహద్దు నుంచి పైకి కణాలు కడ్డీల్లాగా నిలువు వరసలుగా సాగుతాయి. ఒక వరసను పట్టుకుని పైకి వెళితే అది వల్కలమో, బాహ్యచర్మమో, నీరు, ఆహారం మోసే నడిమి ప్రసరణ స్తంభమో తేలుతుంది. 1868లో హాన్‌స్టైన్ అనే వృక్షశాస్త్రవేత్త కొనలోని బయటి, నడిమి, లోపలి కణాలకు వరుసగా డెర్మటోజన్, పెరిబ్లెమ్, ప్లీరోమ్ అని మూడు పేర్లు పెట్టి, ఒక్కొక్కటి ఒక్కో కణజాలానికే పుట్టుకతో కేటాయించి ఉందని చెప్పినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఇలాంటి చిత్రమే అయివుండాలి. వేరు చూసినవారికి ఆ సిద్ధాంతం ఎంత సహజంగా తోస్తుందో, కాండపు కొన చూసినవారికి అంత అసహజంగా తోస్తుంది. రెండు స్లైడ్లూ ఒకే గంటలో చూపిస్తే ట్యూనికా కార్పస్ మాట ఎందుకు అవసరమైందో విడిగా వివరించే పని ఉండదు.

ఆ వరసలన్నీ కలిసే చోట, తొడుగు సరిహద్దుకు సరిగ్గా పైన, కణాల గుంపు ఒకటి ప్రశాంతంగా ఉంటుంది. 1950లలో క్లోవ్స్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఆ కణాలు చాలా అరుదుగా చీలతాయని గుర్తించి, నిశ్చల కేంద్రం అని పిలిచారు. వేరు కొన అంటేనే నిరంతర విభజన అని నేర్చుకున్న పిల్లలకు, దాని నడిబొడ్డున చీలని కణాలున్నాయంటే నమ్మకం కుదరదు. చీలుతున్న కణాల్లో కనిపించే క్రోమోజోమ్ కట్టలు ఆ చోట ఒక్కటైనా ఉందేమో వెతకమని చెప్పి, వాళ్లు వెతికి లేదన్నాక అసలు విషయం చెబుతాను.

ఇక్కడ పెట్టె హద్దు దాటి ఒక మాట చెప్పాలి, అది లేకపోతే స్లైడు తప్పుడు నమ్మకం మిగిల్చే ప్రమాదం ఉంది. కడ్డీల్లాంటి వరసలు చూసినవారు, వంశమే కణం తలరాతను నిర్ణయిస్తుందని అనుకుంటారు. అరాబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క వేరు మీద జరిగిన పని దీన్ని సరిదిద్దింది. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో 1995లో వేరు కొనలోని ఒక్కొక్క కణాన్ని లేజరు కిరణంతో చంపి చూశారు. ఖాళీ అయిన చోటులోకి లోపలి పక్క కణం ఒత్తుకుని వచ్చి, తన పాత వంశాన్ని వదిలి, కొత్త చోటుకు తగిన కణంగా మారింది. కణం ఎవరి బిడ్డ అన్నదాని కంటే ఎక్కడ నిలబడింది అన్నదే ముఖ్యమని తేలింది. అదే వేరులో వల్కలం, అంతశ్చర్మం రెండూ ఒకే జనక కణం నుంచి వస్తాయి. పిల్లకణం ఉపరితలానికి సమాంతరంగా ఒకసారి చీలి, లోపలిది అంతశ్చర్మం, బయటిది వల్కలం అవుతుంది. ఆ చీలిక జరగాలంటే షార్ట్‌రూట్ అనే ప్రోటీను ప్రసరణ స్తంభంలో తయారై బయటి పక్క పొరలోకి నడిచిరావాలి. అక్కడ స్కేర్‌క్రో అనే మరో ప్రోటీను దాన్ని పట్టి కేంద్రకంలో నిలుపుతుంది, అందుకే అది ఒక్క పొరతోనే ఆగుతుంది, రెండో పొరకు పోదు. స్కేర్‌క్రో చెడిపోయిన మొక్కలో రెండు పొరలకు బదులు ఒకటే ఏర్పడి, ఆ ఒక్కదానిలోనే ఇద్దరి లక్షణాలూ కలగలిసి ఉంటాయి. అంతశ్చర్మం ఎందుకు సరిగ్గా ఒకే వరస మందంగా ఉంటుందని ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అడగలేదు. స్లైడు చూసిన మొదటి సంవత్సరమే ఇద్దరు అడిగారు.

పదకొండో స్లైడు పక్కవేరు పుట్టుక. దీన్ని కోలియస్ కొన పక్కన పెట్టి చూడటం నేను కనిపెట్టిన అలవాటు, పెట్టె జాబితాలో వీటికి ఏ సంబంధమూ సూచించలేదు. ఆకు, కొమ్మ బయటి వరసల్లో పుట్టి బయటికి మొలుస్తాయి. పక్కవేరు లోపలెక్కడో పరిచక్రంలో పుట్టి, అంతశ్చర్మాన్ని, వల్కలాన్ని నెట్టుకుంటూ, చివరికి బాహ్యచర్మాన్ని చీల్చుకుని బయటపడుతుంది. స్లైడులో ఆ చీలిన అంచులు, నలిగిన వల్కలం కణాలు స్పష్టంగా ఉన్నాయి. మన జిల్లాలో ఈ చీలికకు పంటపొలంలో విలువ ఉంది. వేరుశనగ వేరులో నత్రజని పట్టే బాక్టీరియా చాలా పప్పుజాతి మొక్కల్లోలాగా వేరు కేశాల ద్వారా కాక, పక్కవేరు బయటికి వచ్చిన చోట ఏర్పడే ఈ పగుళ్ల ద్వారానే లోపలికి చేరుతుంది. రైతు బిడ్డలైన విద్యార్థులు వేరుశనగ చెట్టు పీకి బుడిపెలు చూసినవారే, అవి పక్కవేళ్ల కుదుళ్ల దగ్గరే ఎందుకు గుమిగూడి ఉంటాయో స్లైడు చూశాక వారికి అర్థమైంది.

ఆకుల స్లైడ్లు ఆరు. గన్నేరు ఆకు అడ్డుకోత ఎంత బాగుందో మాటల్లో చెప్పడం కష్టం. పైవైపు బాహ్యచర్మం ఒక వరస కాదు, రెండు మూడు వరసలు. కింది వైపు లోతైన గుంటలు, వాటిలో సన్నని కేశాల మధ్య దాగిన పత్రరంధ్రాలు. కొనలో పైవరస ఎప్పుడూ ఒకే వరసగా ఉంటుందని ఇప్పుడే చెప్పి, ఇక్కడ బహుళ వరసలు చూపిస్తే పిల్లలు తికమకపడతారు. గన్నేరులోనూ రబ్బరు మొక్కలోనూ ఆకు ఎదిగే క్రమంలో ఆ ఒక్క వరసే ఉపరితలానికి సమాంతరంగా చీలి మందమవుతుంది, కాబట్టి అన్ని వరసలూ ఒకే తల్లి బిడ్డలే. మా ఊరి మీదుగా పోయే జాతీయ రహదారి నడిమిలో వరుసగా నాటిన గన్నేరు చెట్లు మే నెల ఎండలోనూ పచ్చగా నిలబడటానికి ఈ కోతలో కారణాలు కొన్ని దొరుకుతాయి. మామిడి, జొన్న ఆకుల స్లైడ్లు బాగున్నాయి, అంతకు మించి చెప్పడానికి లేదు.

ఎల్1, ఎల్2, ఎల్3 మాటలకు ఇంట్లోనే మరో సాక్ష్యం ఉంది. పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలుగా కోసి మట్టిలో గుచ్చితే వేళ్లు వస్తాయి, పిలకలు కూడా వస్తాయి, కానీ ఆ పిలకలకు పసుపు అంచు ఉండదు, ఒట్టి పచ్చగా వస్తాయి. పసుపు అంచు కొన్ని వరసల్లోని కణాలది, పచ్చ నడిమి వేరే వరసల కణాలది; ఒకే మొక్కలో రెండు రకాల వంశాలు పొరలుగా కలిసి బతుకుతున్నాయి. కొత్త పిలక ఆకు లోపలి పచ్చ కణాల నుంచి లేస్తుంది గనుక పసుపు వారసత్వం తెగిపోతుంది. అంచు నిలవాలంటే కుదురుతో సహా పిలకను విడదీసి నాటుకోవాలి. నర్సరీలో దీనికి వంద రూపాయలు పెట్టి, ఆకు ముక్కలతో పది చేసుకుందామనుకుని నిరాశపడినవారు మా వీధిలోనే ఉన్నారు.

కాండం, వేరు అడ్డుకోతలు ఎనిమిది ఉన్నాయి, పరీక్షకు అవసరమైనవన్నీ వచ్చాయి. పదిహేడో స్లైడు చీటీ మీద ద్విదళబీజ వేరు అని ఉంది కానీ, కింద పెట్టి చూస్తే దారువు కట్టలు పన్నెండుకు పైగా, నడుమ పెద్ద దవ్వ, నిస్సందేహంగా ఏకదళబీజ వేరు. ప్రాక్టికల్ పరీక్షలో గుర్తింపు కోసం దీన్ని అలాగే పెట్టి ఉంటే, చీటీ నమ్మిన పరీక్షకుడి చేతిలో సరిగ్గా రాసిన విద్యార్థి మార్కులు పోగొట్టుకునేవాడు. దుకాణంవారు దాన్ని కూడా మార్చి ఇచ్చారు. కొన్నవారు ఇరవై ఐదింటినీ ఒకసారి చూసి, చీటీలను తామే సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను.

పెట్టెలో లేనివాటి గురించి నాకున్న అసంతృప్తి లోపాల మీదకంటే ఎక్కువ. కొన ఉంది, పూర్తిగా ఎదిగిన అవయవం ఉంది, ఆ రెంటికీ నడిమి దశలు లేవు. లేత ఆకు ఒక బుడిపెగా, తరువాత చదునుగా, తరువాత స్తంభాకార, స్పంజి కణజాలాలు వేరుపడుతూ ఉన్న మూడు కోతలు ఒక వరసలో ఉంటే పొరలు ఏర్పడే పని కళ్లకు కట్టేది. అలాగే పూమొగ్గ కోత ఒకటే ఉంది, అదీ బాగా ఎదిగిన మొగ్గ. రాయలసీమలో అమ్మే పెట్టెలో వేరుశనగ ఊడ లేకపోవడం నాకు మరింత వెలితిగా తోచింది. పువ్వు ఫలదీకరణం చెందాక అండాశయం కుదురులో ఉన్న విభాజ్య కణాలు చీలుతూ ఊడను పొడిగించి, కొనలో అండాశయాన్ని మోసుకుంటూ నేలలోకి దింపుతాయి. చీకటి తగిలాకే కాయ ఊరడం మొదలవుతుంది. విభాజ్య కణజాలం కొనలోనే కాక కొన వెనుక కూడా ఉండి అవయవాన్ని ఎలా నడుపుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన నేల మీద మరొకటి లేదు. కదిరి-6 రకం వేరుశనగ విత్తిన మా బంధువుల పొలం నుంచి ఊడలు తెచ్చి చేతితో కోసి చూశాను, అడ్డుకోతలు పర్వాలేదు, నిలువుకోత మాత్రం ఒక్కటీ నిలవలేదు. తయారీదారులు ఇది చేసి ఇస్తే రెట్టింపు ధరకైనా కొంటాను.

నిల్వ విషయంలో ఒక జాగ్రత్త. ఇక్కడి ఎండాకాలంలో మూసి ఉన్న ప్రయోగశాల గది నలభై డిగ్రీలు దాటిపోతుంది. మార్చిలో పెట్టెను నిలువుగా బీరువాలో పెట్టాను, మే చివర తీసేసరికి రెండు స్లైడ్లలో అంచు నుంచి గాలిబుడగలు లోపలికి పాకాయి. ముక్కల దాకా రాలేదు గానీ ఒకదానిలో అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగాయి. అప్పటి నుంచి పెట్టెను స్లైడ్లు పడుకుని ఉండేలా, గోడకు దూరంగా, ఇంట్లో చల్లటి గదిలో ఉంచుతున్నాను. మళ్లీ బుడగ పెరగలేదు.

కళాశాలకు కొనేవారైనా, ఇంట్లో మైక్రోస్కోపు ఉన్న విద్యార్థులైనా, ఈ పెట్టెను నిస్సంకోచంగా కొనవచ్చు, కాకపోతే నాలుగో స్లైడును దుకాణంలోనే 40 రెట్ల కింద పెట్టి చూసి కొనాలి. చూడవలసింది ఒక్కటే: గుమ్మటం పైఅంచు నుంచి లోపలికి లెక్కిస్తే రెండు చక్కని వరసలు, ఆ కింద చెదిరిన కణాలు ఉండాలి. అంతకంటే ఎక్కువ వరసలు కనిపిస్తే మరో పెట్టె తెరవమని అడగాలి. నేను కొన్న చోట ఇప్పుడు అమ్మే బల్ల మీద ఒక మైక్రోస్కోపును ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతున్నారు.